వయసు మీఱిన యుద్ధనౌకలు



ఇంటి దూలమునకు చెదలు పట్టినదని తెలిసిన గృహస్థు దానిక్రింద ఊతకఱ్ఱ నిలిపి, క్రొత్త దూలమునకై కలప సమకూర్చుకొనును. ఊత ఆగినంతలో క్రొత్త దూలము వచ్చినచో ఇల్లు నిలుచును. రానిచో ఊతతో కూడ కప్పు కూలును. దేశమును కాచు ఓడలకును ఇదియే ధర్మము. బ్రిటిషు నౌకాదళము తన ఫ్రిగేటుల విషయమున పొందిన అనుభవమును ఇందులకు దృష్టాంతముగా విన్నవించెదను.

ఫ్రిగేటు అనగా తక్కిన ఓడలకు కాపుగా నడచు ఒక తరగతి యుద్ధనౌక. ‘టైపు 23’ అను ఫ్రిగేటులు 16, 1990 మొదలు 2002 వఱకు ఆ నౌకాదళమున చేరినవి. సోవియట్ జలాంతర్గాములను వెదకి పట్టుట వాని ముఖ్యకార్యము. నిర్మించిన వారు ఒక్కొక్క ఓడకు 18 ఏండ్లు ఆయుష్షని నిర్ణయించిరి. మూడింటిని చిలీ దేశమునకు అమ్మగా 13 మిగిలినవి. వీని స్థానమునకు రావలసిన క్రొత్త నౌకలలో మొదటిదగు ‘గ్లాస్గో’ నిర్మాణము 2017లో గాని ఆరంభము కాలేదు. అప్పటికే పాత ఓడలలో పెక్కింటికి గడువు దాటినది.

కావున ప్లిమత్ పట్టణమునందలి డెవన్‌పోర్టు రేవులో వానికి మరమ్మతులు సాగించిరి. అచట ఓడను పైకప్పుగల రేవులోనికి చేర్చి, నీరు తోడివేసి, త్రుప్పు తినిన ఉక్కును కోసి క్రొత్తది అతుకుదురు. రాడారును మార్చిరి. కొన్నింట విద్యుత్తు పుట్టించు డీసెలు యంత్రములను గూడ మార్చిరి.

ఆయుధములలో జరిగిన మార్పు ముఖ్యమైనది. ఆకాశమునుండి వచ్చు శత్రువును కూల్చుటకు మొదట అమర్చిన ‘సీ వుల్ఫ్’ క్షిపణి తనంతట దారి యెఱుగదు. గుఱిని తాకువఱకు ఓడమీది రాడారు దానిని చేయిపట్టి నడపవలెను. దాని స్థానమున 2018 మొదలు వాడుకలోనికి వచ్చిన ‘సీ సెప్టర్’ క్షిపణికి తన కన్ను తనకే కలదు. చివరిదారిలో గుఱిని తానే వెదకికొనును. అందుచే ఒక్కమాఱు పలువురు శత్రువులు వచ్చినను ఎదిరింపవచ్చును.

ఈ శ్రమ వ్యర్థము కాలేదు. 1995లో కొలువున చేరిన ‘రిచ్‌మండ్’ 2024 మార్చి నెలలో ఎఱ్ఱసముద్రమున, తనపైకి వచ్చిన రెండు డ్రోనులను ఈ క్షిపణులతోనే కూల్చినది. ముసలి ఓడయే అందలి నావికుల ప్రాణములు కాచినది.

అయినను రెండవ ప్రక్కను గూడ చూడవలెను. ఆయుధమును మార్చవచ్చును, యంత్రమును మార్చవచ్చును. ఓడ వెన్నెముకను మార్చుటకు వీలులేదు. ఏండ్ల తరబడి అలలపై వంగి వంగి ఉక్కు అలసిపోవును; ఉప్పునీరు కంటికి కానరాని మూలలను తినివేయును. ‘ఐరన్ డ్యూక్’ అను ఓడ మరమ్మతునకు నాలుగేండ్లు పట్టినది. పది కోట్ల పౌనులకు మించి వ్యయమైనది. ‘వెస్ట్‌మినిస్టర్’, ‘నార్తంబర్లాండ్’ అను రెండింటిని బాగుచేయుట దండుగయని తేల్చి 2024లో విడిచిపెట్టిరి. ఆ సంవత్సరాంతమునకు 13 ఓడలలో నిలిచినవి 8. క్రొత్తది ఒక్కటియు కొలువున చేరలేదు. ఓడలు తఱిగినకొలది మిగిలినవానిపైనను, వాని నావికులపైనను భారము పెరుగక తప్పదు.

మన విశాఖపట్టణమున 2021లో సెలవు పుచ్చుకొనిన ‘రాజ్‌పుత్’ అను యుద్ధనౌకయు నడివయస్సున బ్రహ్మోస్ క్షిపణులను ధరించి 41 ఏండ్లు కొలువు చేసినది. పాతదానిని పోషించుట వివేకమే. కాని మరమ్మతు గడువును పెంచునే గాని, గడువునే రద్దుచేయజాలదు. క్రొత్త ఓడకు ఉక్కు కోయవలసిన దినము పాత ఓడ కుంటువడిన దినము కాదు. అది దృఢముగా నడచుచున్న దినమే యని నా అభిప్రాయము. ఆ దినమును జాఱవిడిచినచో, పాలకులు చేసిన జాగునకు మూల్యము చెల్లించువారు సముద్రముమీది నావికులే యగుదురు.