పగడాల దీవిలో ఒక పగలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యాత్ర అనగానే మనకు కాశీ, రామేశ్వరం గుర్తుకొస్తాయి. వాటి గురించి చెప్పగల పెద్దలు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను 2019 జనవరిలో, నా 69వ ఏట, మా ఆవిడతో కలిసి చేసిన లక్షద్వీప్ ఓడ ప్రయాణం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

కొచ్చిలో ఓడ ఎక్కాం. పేరు ఎం.వి. కవరత్తి. 700 మంది పట్టే ఆ ఓడ మన విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైనదని తెలిసి పుట్టింటివారి బండి ఎక్కినట్లు అనిపించింది. రాత్రంతా ప్రయాణం, పగలు ఒక దీవి, పడక ఓడలోనే. మూడు దీవులు చూపించారు. కాలం చాలదు గనుక కవరత్తి గురించే చెబుతాను.

ఓడ ఒడ్డు దాకా పోదు. దీవి చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. అందుకని ఓడ పక్క తలుపు తీసి చిన్న పడవలోకి దింపుతారు. అల లేచి పడవ పైకొచ్చిన క్షణాన ఇద్దరు పడవవాళ్లు రెండు చేతులూ పట్టుకుని అందుకుంటారు. మోకాళ్ల నొప్పుల మా ఆవిడను కూడా పువ్వులా దింపారు.

ఆ కేంద్రపాలిత ప్రాంతం ఏర్పడింది 1956 నవంబరు 1న, అంటే మన ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజే. 1964 వరకు దాని కార్యాలయాలు కోళిక్కోడులో ఉండేవట. దస్త్రాలన్నీ సముద్రం దాటించిన గుమాస్తాలను తలచుకుని మనసులోనే దండం పెట్టాను. చెక్కడపు పనికి పేరుపొందిన ఉజ్రా మసీదు చూశాం. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు 2005 నుంచి అక్కడ ఉంది.

తరువాత స్నార్కెలింగ్. కళ్లకు అద్దం, నోట్లో గొట్టం, ఒంటికి లైఫ్ జాకెట్. “ఏమండీ, ఈ వయసులో ఇవేం పనులు?” అంది మా ఆవిడ. పక్కన కుర్రాడు చెయ్యి పట్టుకున్నాడు. తల నీళ్లలో పెట్టానో లేదో, కింద వేరే లోకం! కొమ్మల పగడాలు, గుండ్రని పగడాలు, వాటిని కొరుకుతూ చిలుక చేపలు. ఆ చేపలు పగడం కొరికి విసర్జించేది కూడా ఇసుకేనట. మా ఆవిడ అద్దాల అడుగున్న పడవలో తిరిగి వచ్చి, “మీరు మునిగి చూసిందంతా నేను చీర తడవకుండా చూశాను” అంది.

అయ్యా, అసలు సంగతి ఇది. ఆ దీవి నిలిచింది పగడం మీదే. కంటికి ఆననంత చిన్న జీవులు సున్నం కూడబెట్టి కట్టినదది. గుండ్రని పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. అలలను ఆపేది, చేపలకు నీడనిచ్చేది అదే. మన భాషలో చెప్పాలంటే ఆ పగడం అసలు, దీవివాసుల బతుకు దాని మీద వడ్డీ. అసలు కరిగితే వడ్డీ ఎక్కడిది?

నీరు వేడెక్కితే పగడంలో ఉండి దానికి రంగు, ఆహారం ఇచ్చే నాచు వెళ్లిపోతుంది. పగడం తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. అక్కడ 1998, 2010, 2016లలో అలాగే జరిగింది. 2024 వేసవిలో మళ్లీ విస్తారంగా తెల్లబడ్డాయని చదివి, ఇంటి మనిషికి జబ్బు చేసినట్లు బాధపడ్డాను. “తాతయ్యా, నన్నెప్పుడు తీసుకెళ్తావు?” అని మనవడు అడుగుతాడు. నేను చూసింది వాడికి మిగలాలి కదా!

వెళ్లదలచినవారికి మూడు మనవులు. పర్మిట్ ముందుగా తీసుకోండి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు డాక్టరుగారిని అడగనిదే నీళ్లలోకి దిగవద్దు. దిగినవారు పగడం మీద కాలు మోపవద్దు, ముక్క తుంచి తేవద్దు. చూసి రండి, చాలు.