గాజు పళ్లెంలో చచ్చిన కణం

 

స్నాతకోత్సవంలో కలల గురించి మాట్లాడడం ఆనవాయితీ. నేను తేనెటీగల బంక గురించి మాట్లాడతాను. తేనెపట్టులో దొరికే పదార్థంతో కడుపు క్యాన్సర్ నయమవుతుందన్న మాట మీ ఫోన్లకూ వచ్చే ఉంటుంది. కువైట్‌లో ఉన్న మామో చిన్నాయనో పంపించి ఉంటాడు. అది పచ్చి అబద్ధమైతే నాకీ ప్రసంగం అక్కర్లేదు. కొంత నిజం ఉంది, చిక్కంతా దాంతోనే.

ఈగలు చెట్ల మొగ్గల మీది బంకను తెచ్చి పట్టులో సందులు పూడ్చుకుంటాయి. అదే ప్రొపోలిస్. 1988లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అందులో నుంచి కెఫియిక్ యాసిడ్ ఫెనెథైల్ ఎస్టర్ అనే పదార్థాన్ని గుర్తించారు. ముద్దుపేరు కేప్. అది మామూలు కణాల కంటే క్యాన్సర్ కణాలనే ఎక్కువగా దెబ్బతీసింది. ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ప్రోటీన్‌ను అది అణచివేస్తుందని 1996లో తేలింది. కణంలో వాపు రేపేదీ, చావవలసిన కణాన్ని చావనీయకుండా కాపాడేదీ ఆ ప్రోటీనే. కడుపులో పుండ్లు పెట్టే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా సరిగ్గా దాన్నే రెచ్చగొడుతుంది. ఈ బాక్టీరియాను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ప్రయోగశాలలో పెంచిన కడుపు క్యాన్సర్ కణాలకు కేప్ తగిలిస్తే, బాక్టీరియా రేపిన ఆ ప్రోటీన్ నెమ్మదించింది. కణాలు తమంతట తాము చచ్చే దారి పట్టాయి.

అయితే గాజు పళ్లెంలో మందు నేరుగా కణం మీద పడుతుంది. మనిషిలో పేగులు, కాలేయం, రక్తం దాటుకుని పోవాలి. ఎలుక రక్తంలోని ఎంజైములు కేప్‌ను త్వరగానే విరగ్గొట్టేస్తాయి. పైగా ఈ పదార్థం ముఖ్యంగా చలిదేశాల పాప్లార్ చెట్ల బంకలో ఉంటుంది. బ్రెజిల్ ప్రొపోలిస్‌లో ఉండే సరుకే వేరు. మన పాలకొండల్లో పాప్లార్లు ఎక్కడివి? మన పుట్టతేనె ఈగలైతే బంక జోలికి పెద్దగా పోనే పోవు. గువ్వలచెరువు ఘాట్‌లో కోవాతో పాటు ఎవరైనా తేనె అమ్మితే రుచికి కొనుక్కోండి, నాకు అభ్యంతరం లేదు.

ఫలితాన్ని ఉన్నంతవరకే చెప్పడం ఎలాగో తెలియాలంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి మందు కథను తలచుకోవాలి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం అమినోప్టెరిన్ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చాడు. 10 మందికి మెరుగైంది. అంతకుముందు ఆ జబ్బుకు మందే లేదు, ఎంత సంబరపడినా తప్పులేదు. ఫార్బర్ మాత్రం 1948 జూన్‌లో వ్యాసం అచ్చువేస్తూ ‘తాత్కాలిక’ ఉపశమనం అని శీర్షికలోనే రాశాడు. నా దృష్టిలో ఆ వ్యాసం మొత్తంలో గొప్ప మాట అదే. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ ఆసుపత్రుల్లో వాడుతున్నారు.

మీలో కొందరు పరిశోధనకు పోతారు, కొందరు మందుల కంపెనీలకు, ఎక్కువమంది వేరే ఉద్యోగాలకు. ఎక్కడున్నా మీ ఇంట్లో సైన్సు చదివింది మీరే కాబట్టి అడిగేది మిమ్మల్నే. ఎవరికైనా వారాల తరబడి కడుపుమంట తగ్గకపోయినా, ముద్ద దిగకపోయినా, మనిషి చిక్కిపోతున్నా, మలం నల్లగా పోతున్నా తేనె సీసా చేతికివ్వకండి. తిరుపతికో రాయవేలూరికో బస్సెక్కించి ఎండోస్కోపీ చేయించండి. హెలికోబాక్టర్ ఉందని తేలితే దానికి యాంటీబయాటిక్స్ ఉన్నాయి, రెండు వారాల కోర్సు. మధ్యలో మానకుండా మింగించండి.