పెరటి మడి సిద్ధం చేసుకుందాం
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద విద్య గురించి మాట్లాడటం నాకు అలవాటు. ఈసారి పెరటి తోట గురించి మాట్లాడతానంటే పెద్దలు కొందరు నవ్వారు. కానీ ఇది కూడా బడి సంగతే. ఉదయం ప్రార్థన వరుసలో నిలబడలేక కళ్లు తిరిగి కూర్చుండిపోయే ఆడపిల్లలను ఉపాధ్యాయులందరం చూస్తూనే ఉన్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో నూటికి 59 మంది దాకా రక్తహీనతతో ఉన్నారు. పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగితే, 'టీలో బన్ను ముంచుకుని తిన్నాను సార్' అంటారు. రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినమని పోషకాహార నిపుణులు చెబుతారు. కూలి డబ్బుతో బియ్యం, నూనె కొన్నాక ఆకుకూర దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి పోతుంది. రెండు గజాల మడి ఉన్న ఇంట్లో ఆ చెయ్యి వెనక్కి పోనవసరం లేదు.

మన నేల సంగతి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. మార్కాపురం పలక దేశమంతా తిరిగింది గాని, ఆ పలకరాయి నేలలో నీరు మాత్రం నిలవలేదు. బోరు లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడ్ భయం. మన పొరుగునున్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే అక్కడ గుర్తించి వైద్య పత్రికలో రాశారు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో పునాది రాయి పడింది. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలను బడిలో చేర్చడానికి వస్తున్నారు. కృష్ణా నీళ్లు రావాలి, వస్తాయని ఆశిద్దాం. ఈలోగా మన కప్పు మీద పడే వాన మనదే కదా! గుండ్లకమ్మకు కొండల నడుమ కట్ట వేసి కంభం చెరువు కట్టిన పెద్దలు వాన నీటిని పట్టుకోవడం ఎలాగో మనకు చూపించే పోయారు. 2020లో ఆ చెరువుకు ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది.

ఇక తోట పనికి వద్దాం. చలి దేశాల్లో వసంతం రాగానే విత్తనాలు వేస్తారు. ఆ పుస్తకాలు, వీడియోలు చూసి మనమూ ఉగాదికి విత్తితే మొలక మాడిపోతుంది. మన వసంతం ఎండకు గుమ్మం. మాఘంలో దోస, సొర, అలసంద వేసుకున్నవారు వాటిని కాపాడుకోవాలి. వేయనివారికి ఈ మూడు నెలలు మడిని సిద్ధం చేసుకునే కాలం. అసలు విత్తు తొలకరికే.

మొదటి పని నేల. ఇప్పుడే జానెడు లోతు తవ్వి, రాళ్లేరి, ఎండకు వదిలేయండి. వీలైతే ఒకసారి తడిపి, పల్చటి పారదర్శక ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. ఆ వేడికి కలుపు గింజలు, తెగులు క్రిములు చాలావరకు చస్తాయి. తర్వాత బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేప పిండి కలపండి. మేకల ఎరువు మన వీధుల్లో దొరుకుతుంది, మంచిదే. కానీ పచ్చిది వేస్తే వేళ్లు మాడతాయి. ఇప్పుడు కుప్ప పోసి, తడిపి, కప్పి ఉంచితే జూన్ నాటికి పనికొస్తుంది.

రెండో పని విత్తనం. పది గింజలను తడి గుడ్డలో మూటగట్టి నాలుగైదు రోజులు చూడండి. ఏడు మొలిస్తే విత్తనం మంచిదే. ఐదే మొలిస్తే కాస్త ఒత్తుగా వేయాలి. రెండు మూడే మొలిస్తే అది మార్చండి. ఈ పని పిల్లల చేత చేయించండి. శాతాల లెక్క ఇంతకన్నా బాగా నేను కూడా నేర్పలేను.

మూడో పని నీరు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఇరవై అడుగులకు పదిహేను అడుగుల రేకుల కప్పు సుమారు 28 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వానకు 560 లీటర్లు! పక్కలకు పోయేది పోయినా రెండు డ్రమ్ములు నిండుతాయి. చూరు కింద గొట్టం, డ్రమ్ము వానకు ముందే అమర్చుకోవాలి. డ్రమ్ముకు మూత తప్పనిసరి, లేకపోతే దోమలను పెంచినట్టే. మడి మధ్యలో రంగు వేయని మట్టి కుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెడితే, చెమ్మ మెల్లగా వేళ్లకే చేరుతుంది. పైన వేరుశనగ పొట్టు పరిస్తే ఆ చెమ్మ ఆరిపోదు.

మసీదు కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రవక్త (స) సుమారు ముప్పావు లీటరు నీటితోనే వుజూ చేసేవారని హదీసులు చెబుతున్నాయి. మన కుళాయిల దగ్గర మనిషికి మూడు లీటర్లు అనుకున్నా, వంద మందికి పూటకు 300 లీటర్లు కాలువలో కలుస్తున్నాయి. సబ్బు లేని నీళ్లవి. వాటిని మునగ, కరివేపాకు, నిమ్మ పాదులకు మళ్లించడానికి ఒక గొట్టం, ఒక మేస్త్రీ చాలు.

రోహిణి కార్తె ఎండల్లో వంగ, టమాటా నారును నీడన పోసుకోండి. జూన్ మొదటి వారం దాటాక మృగశిర వస్తుంది. మొదటి జల్లుకు తొందరపడి విత్తవద్దు. నేల జానెడు తడిసాకే వేయండి. తోటకూర నెలలోపు కోతకు వస్తుంది. తర్వాత గోంగూర, బెండ. గింజ వేసిన పీకేఎం-1 మునగ ఆరు నుంచి ఎనిమిది నెలల్లో కాస్తుంది, ఆకు ఇంకా ముందే అందుతుంది. మునగాకులో కాల్షియం ఉంది. ఫ్లోరైడ్ ప్రాంతాల వారికి కాల్షియం, సి విటమిన్ ఉన్న ఆహారం మేలని వైద్యులు చెబుతారు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ మాత్రం అన్నానికి గంట ఎడంగా తాగాలి.

దాతలారా, నా మనవి ఇదీ. పెరడు ఉన్న పేద ఇళ్లను, ముందుగా ఒంటరి తల్లుల ఇళ్లను ఎంపిక చేద్దాం. ఇంటికి ఒక డ్రమ్ము, చూరు గొట్టం, రెండు కుండలు, ఐదు రకాల నాటు విత్తనాలు రోహిణి కార్తెకు ముందే అందిద్దాం. పదిళ్లకు ఒకరు చొప్పున, ఇప్పటికే తోట పెంచుతున్న అక్కను తోడు పెడదాం. హైబ్రిడ్ వద్దని ఎందుకంటున్నానంటే, దాని గింజ మళ్లీ వేస్తే అదే రకం రాదు. నాటు విత్తనమైతే ప్రతి ఇల్లూ ఏడాది చివర రెండు గుప్పిళ్లు సంస్థకు తిరిగి ఇస్తుంది. అవి మరో ఇంటికి వెళతాయి. పుచ్చుకున్న చెయ్యే మరుసటి ఏడు ఇచ్చే చెయ్యి అవుతుంది.

ఈ మడి రేషన్ బియ్యానికి బదులు కాదు, ఆసుపత్రి మందుకు బదులూ కాదు. వారానికి నాలుగు రోజులు పిల్ల పళ్లెంలో ఆకుకూర పడుతుంది, అంతే. ఆ అంతే చాలా పెద్ద సంగతి. నాటిన మొక్కను మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవారికి అది సదఖాయేనని మన ధర్మం చెబుతోంది. పిచ్చుక తినిపోయిన గింజకు కూడా మీ ఖాతాలో లెక్క ఉంటుందన్నమాట.

తొలకరికి మూడు నెలలే ఉంది. పలుగు, పార బయటికి తీయండి.