పడవ లంగరు: పట్టించుట, వదలించుట
(సంఘ సమావేశమున చదివిన ఉపన్యాస పాఠము)



మన సభలలో సాధారణముగా భాషను గూర్చియు, బడులను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేడు మేము ఎన్నుకొన్న విషయము పడవ లంగరు. భాషాసంఘమునకు లంగరుతో పనియేమి యని కొందరికి తోచవచ్చును. యానాము గౌతమీ గోదావరి ఒడ్డున వెలసిన ఊరు. ఒడిషాలో గోపాలపురము, పూరీ తీరములయందు తరతరములుగా స్థిరపడిన మన మత్స్యకార కుటుంబములు అనేకములు కలవు. పడవ మన యిండ్లకు పరాయి వస్తువు కాదు. అయినను పడవపని మాటలు మన పిల్లల పాఠ్యపుస్తకములలో కానరావు. అణియము అనగా పడవ ముందుకొన. అమరము అనగా వెనుకకొన. మోకు, బార, పోటు, పాటు — ఇవి తాత చెప్పగా మనుమడు వినినంత కాలమే నిలుచు మాటలు. ఆ మాటలు పోయినచో వానితో ముడివడియున్న జాగ్రత్తలు కూడ పోవును. అర్థము కాని భాషలో వ్రాసిన హెచ్చరిక పడవవానికి ఎంతమాత్రము పనికిరాదు. కావున ఈ సంగతులు మన మాటలలోనే మనవి చేయుచున్నాము.

పులస కోరి వలవిడుచువారు వలతోపాటు ప్రవాహమున సాగిపోవుదురు. వారికి వేటవేళ లంగరుతో పని తక్కువ. పండుగప్పకో జెల్లకో గాలము వేసి ఒకచోట నిలువవలసినవానికి లంగరే ఆధారము. సెలవునాడు వేడుకకై గాలము పట్టుకొని నదిలోనికి పోవు యువకులలో పలువురు పడవపనిలో పెరిగినవారు కారు. యింజను నడుపుట వారు ఒక పూటలో నేర్తురు. లంగరు సంగతి వారికి ఎవరును చెప్పరు. బరువైన దానిని దేనినైనను తాడుకు కట్టి నీటిలో విసరుటయే లంగరు వేయుట యని వారు తలంతురు. ప్రాణాపాయమునకు దారితీయు తలంపు ఇది.

మొదట ఒక మాట స్పష్టముగా తెలియవలెను. లంగరు పడవను నిలుపునది బరువుచేత కాదు, పట్టుచేత. ఇందుకు ఒక లెక్క చెప్పెదము. నీట మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువునంత కోలుపోవును. 10 కిలోల నల్లరాయి నీటిలో 6 కిలోలకు కొంచెము మించి తూగును. సిమెంటు దిమ్మ 6 కిలోలకును లోపే. 10 కిలోల ఇనుము మాత్రము దాదాపు 9 కిలోలు తూగును. ప్రవాహపు ఒత్తిడియో, వేగము రెట్టింపయినప్పుడు నాలుగింత లగును. ఉదయము నిలిచిన రాయి, మధ్యాహ్నము నీరు జోరందుకొనగనే జారుటకు కారణ మిదియే. నిలుకడ నీటి చెరువులో రాయి చాలును. ఏటిలో అడుగును కరచి పట్టునది కావలెను.

అడుగును బట్టి లంగరు నెన్నుకొనవలెను. ఇసుక, గట్టి ఒండ్రు ఉన్నచోట రెండు వెడల్పు పలకలు గల లంగరు శ్రేష్ఠము. ఈ రకమునకు డాన్‌ఫోర్త్ అని పేరు; 1940 ప్రాంతమున అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. దాని పలకలు లాగినకొలది ఇసుకలోనికి దిగును. బరువు తక్కువ, పట్టు ఎక్కువ. అయితే రాళ్లపైనను, దట్టమైన నాచుపైనను అది దిగక జారిపోవును. రాళ్లు, మునిగిన మొద్దులు ఉన్నచోట నాలుగు కొక్కెముల లంగరు పట్టును; ఇసుకలో మాత్రము సన్నని కొక్కెములు దున్నుకొని వచ్చును. కోరంగి మడ అడవుల పాయలలో వలె మెత్తని బురద యున్నచోట వెడల్పు పలకలదే మేలు. కాని అది బురదలోనికి దిగుటకు కొంత వ్యవధి నీయవలెను. అడుగు ఏమిటో తెలియనిచో గడతో పొడిచి చూడుడు. గడ కొన గరగరలాడినచో ఇసుక, దిగి అంటుకొన్నచో బురద, టక్కుమన్నచో రాయి.

ఇక మోకు సంగతి. లంగరు ఎంత మంచిదైనను, లాగుడు నేలబారుగా నున్నప్పుడే అడుగును కరచును. లాగుడు పైకి నిక్కినకొలది ఊడును. కావున మోకు పొడవే లంగరుకు బలము. లోతునకు 5 రెట్లకు తగ్గక, నీరు జోరుగా నున్నచో 7 రెట్లు మోకు విడువవలెను. లోతు అనగా నీటిలోతు మాత్రమే కాదు. నీటిమట్టము నుండి అణియము ఎత్తును, రాబోవు పోటుకు పెరుగు నీటిని కలుపవలెను. నీటిలోతు 12 అడుగులు, అణియము ఎత్తు 2 అడుగులు, పోటు 4 అడుగులు అనుకొందము. మొత్తము 18 అడుగులు, అనగా 3 బారలు. దానికి 5 రెట్లు 15 బారలు; 7 రెట్లు 21 బారలు. ఆరేడు బారల తాడుతో ఏటికి పోవువాడు లంగరు లేకయే పోయినట్లు లెక్క.

లంగరుకును మోకుకును నడుమ ఒకటి రెండు బారల ఇనుపగొలుసు ఉండవలెను. గొలుసు తన బరువుచేత నేలబారున పడియుండి, లాగుడును అడ్డముగా ఉంచును. రాళ్లకు ఒరసికొని మోకు తెగకుండ కాపాడును. మోకునకు నైలాను మేలు. అది సాగి, కుదుపును తాను ఓర్చుకొనును, నీటిలో మునుగును. బజారులో చౌకగా దొరకు ప్లాస్టిక్ తాడు నీటిపై తేలి, యింజను రెక్కలకు చుట్టుకొనును. కొబ్బరి పీచు మోకు తడిగా ఉంచినచో లోలోన చివుకును. పైకి బాగుగానే కనిపించి, అదనుకు తెగును.

ఇప్పుడు మేము చెప్పబోవు మాటను ఇంటింట పిల్లలకు కంఠస్థము చేయింపవలెను. ప్రవాహములో లంగరుమోకును అణియమునకే కట్టవలెను. అమరమునకు కట్టరాదు. పడవ ప్రక్కకును కట్టరాదు. అణియము నీటిని చీల్చుటకు ఎత్తుగా, వాడిగా చేయబడినది. అమరము వెడల్పుగా, తక్కువ ఎత్తున ఉండును. అచ్చట యింజను బరువు, మనుష్యుల బరువు ఉండును. మోకు అచ్చట కట్టినచో ప్రవాహము వచ్చి ఆ వెడల్పు పలకను కొట్టును. మోకు దానిని క్రిందికి లాగును. నీరు అంచు దాటి లోపల పడును. పడిన నీరు అమరమును మరింత క్రుంగదీయును. తరువాత తోడిపోయుటకు వ్యవధి యుండదు. గాలమునకు అనుకూలమని వెనుకవైపు కట్టువారు ఈ సంగతి మరువరాదు.

వేయు విధము వినుడు. చేపలున్నవని తలచినచోటికి చాల ఎగువకు పోయి, అణియము ప్రవాహమున కెదురుగా త్రిప్పి పడవను నిలుపవలెను. మోకు చుట్టలలో ఎవరి కాలును ఉండరాదు. లంగరును విసరక, చేతిమీదుగా దింపవలెను. విసరినచో గొలుసు దానికే చుట్టుకొనును. అడుగు తాకిన పిదప పడవను వెనుకకు జారనిచ్చుచు మోకు విడువవలెను. ఒక్కమారుగా వదలినచో లంగరుపై కుప్పపడును. లోతునకు 3 రెట్లు పోయిన పిమ్మట అణియపు గుంజకు ఒక చుట్టు వేసి ఆపినచో లంగరు అడుగును కరచును. అప్పుడు మిగిలిన మోకు విడిచి, ఒక్క లాగుతో విడిపోవు ముడి వేయవలెను.

పట్టినదని ఎట్లు తెలియును? ఒడ్డున ఒకదాని వెనుక ఒకటిగా కనిపించు రెండు గురుతులు చూచుకొనవలెను: ముందొక తాడిచెట్టు, దాని వెనుక గుడిగోపురము. ఆ రెండును ఒక్క వరుసలో నిలిచియున్నచో పడవ నిలిచినట్లు. ఒకదానినుండి మరియొకటి తొలగుచున్నచో లంగరు జారుచున్నట్లు. మోకుపై చేయి వేసి చూచినను తెలియును. పట్టిన మోకు బిగువుగా, నిలుకడగా నుండును. జారు మోకు గడగడ అదురును.

యానాము వద్ద నదికి మరియొక గుణము కలదు. సముద్రపు పోటు ఇచ్చటివరకు వచ్చును. దినమునకు రెండు పోటులు, రెండు పాటులు. నేటి పోటుకంటె రేపటిది సుమారు 50 నిమిషములు ఆలస్యము. వరదలేని దినములలో పోటు జోరుగా వచ్చినప్పుడు నీరు ఎదురు తిరుగును, పడవయు తిరుగును. క్రిందికి లాగబడిన లంగరు పైకి లాగబడి, ఊడి, మరల పట్టవలసివచ్చును. నాలుగు కొక్కెముల లంగరు తన మోకునే చుట్టుకొని పట్టు విడుచుట అప్పుడే జరుగును. కావున నీరు మరలువేళ ఎవరును నిద్రింపరాదు. గురుతులు మరల చూచుకొనవలెను. పౌర్ణమికి, అమావాస్యకు ఈ జాగ్రత్త ఇబ్బడిగా ఉండవలెను. రేవుదాటు పడవల దారిలోను, వంతెన స్తంభముల దరిని సుడులున్నచోటను లంగరు వేయరాదు.

ఇంతవరకు పట్టించుట చెప్పితిమి. మేము ముఖ్యముగా చెప్పదలచినది వదలించుట. లంగరునకు కన్నులు లేవు. అడుగున ఏది దొరకిన దానిని పట్టును. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు, కాకినాడనుండి వచ్చిన బృందము ఉక్కుతాళ్లకు లంగరులు కట్టి నది అడుగున వెదకి, అక్టోబరు 22వ తేదీన ఆ పడవను ఒడ్డుకు చేర్చెను. అంత పడవను పట్టగల కొక్కెము మునిగిన మొద్దును పట్టదా? పట్టును. అప్పుడు చిన్నపడవవాడు విసుగుచెంది మోకును పొట్టిగా బిగించి యింజను వేగము పెంచును. మొద్దు కదలదు. అణియము నీటిలోనికి పోవును.

దీనికి మూడు ఉపాయములు కలవు. మొదటిది, కట్టుటలోనే చేయవలసినది. గొలుసును లంగరు పై కంటకు బిగింపక, కొక్కెములు కలియు మొదటిభాగమున బిగించి, కాడ వెంబడి తెచ్చి, పై కంటకు పురికొసతో మాత్రము కట్టవలెను. మామూలు లాగుడుకు పురికొస నిలుచును. చిక్కుకొన్నప్పుడు గట్టిగా లాగినచో అది తెగి, లాగుడు మొదటికి మారి, లంగరు వచ్చిన దారినే వెనుకకు ఊడివచ్చును. రాత్రివేళ నిద్రించుటకు నిలుపు పడవకు మాత్రము ఈ కట్టు పనికిరాదు. రెండవది, మోకు చివరను ఒక తేలుబుడ్డి కట్టియుంచుట. ఎగువనుండి దుంగయో, పెద్దపడవయో వచ్చుచున్నప్పుడు ముడి లాగి మోకును బుడ్డితోసహా నీటిలో వదలి తప్పుకొనవచ్చును. తరువాత వచ్చి తీసికొనవచ్చును. మూడవది, అణియమువద్ద చేతికందునట్లు పదునైన కత్తి ఉంచుట. లంగరు ఖరీదు చూచి కత్తి ఎత్తుటకు సంకోచించువాడు పడవను, ప్రాణమును పణమొడ్డుచున్నాడు.

చిక్కు లేనప్పుడు తీయుటకును పద్ధతి కలదు. యింజనుతోనో తెడ్డుతోనో మెల్లగా ఎగువకు పోవుచు మోకును లోనికి తీసికొనవలెను. లంగరునకు సరిగా పైకి వచ్చి నిటారుగా లాగినచో అదియే ఊడును. అమరమునుండి లాగరాదు.

వరద సంగతి చెప్పి ముగించెదము. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ యగును. మొదటి హెచ్చరికనాటికే నదిలో 10 లక్షల ఘనపుటడుగుల నీరు సెకనుకు పోవుచుండును. చెట్లు వేళ్లతోసహా కొట్టుకొనివచ్చును. ఒక చెట్టు మోకునకు తగులుకొన్నచో దానిపై పడు ఒత్తిడి యంతయు పడవ అణియముపై పడును. ఆ దినములలో నడి ఏట లంగరు వేయరాదు. ఏ లంగరు మేలని విచారింపవలసిన దినములు కావవి. పడవను ఒడ్డున కట్టి ఇంటనుండవలసిన దినములు.

పడవగల ప్రతి కుటుంబమునకు మా విన్నపము ఒక్కటే. ఈ ఆదివారము మీ పడవలోని మోకును ఒడ్డున పరచి బారలతో కొలువుడు. పురికొస, తేలుబుడ్డి, కత్తి ఉన్నవో లేవో చూడుడు. మనిషికొక లైఫ్‌జాకెట్టు ఉన్నదో లేదో చూడుడు. కొలుచునప్పుడు పిల్లలను దగ్గర నుంచుకొని, అణియమేదో, అమరమేదో, మోకు ఎచ్చట ఏల కట్టవలెనో వారిచేతనే చెప్పించుడు. లంగరు పట్టించుట నేర్చినవాడు చేపను తెచ్చును. వదలించుట కూడ నేర్చినవాడు తానును ఇల్లు చేరును.