మొదటి యేడు మాకు నేర్పినది
(యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగము)



క్రొత్తగా ఇంజనీరు ఉద్యోగములలో చేరుచున్న మన యౌవనస్థులకు నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము చెప్పగలిగినది ఒక్కటే సంగతి. అది మాకు గొప్ప తెచ్చునది కాదు.

మేమిద్దరము ఒకే సంఘములో పెరిగి, ఒకే కాలేజీలో చదివి, ఒకేచోట పనిలో చేరితిమి. బయలుదేరిన దినమున మా అయ్యగారు కాటన్ దొరగారిని, 1852లో పూర్తయిన ధవళేశ్వరము ఆనకట్టను తలంచి ప్రార్థించి పంపినారు. మాకు దొరికినది మాత్రము ఒక పాఠశాల స్లాబు.

ఎం-20 కాంక్రీటు. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. 50 కిలోల బస్తాకు నీరు 30 లీటర్లు మించరాదు. ఇదంతయు పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారమే. కాని నడివేసవి మధ్యాహ్నము కాంక్రీటు బిగిసిపోయి పారకు లొంగక, మేస్త్రిగారు "బాబూ, రెండు బిందెలు నీళ్లు పోయించమంటారా?" అని అడిగినారు. ఆయనకు మా తండ్రుల వయస్సు. మొగమాటపడి తల ఊపితిమి. ఎక్కువైన నీరు ఆవిరియైన చోట సన్నని రంధ్రములు మిగిలి బలము తగ్గునని తెలిసియే ఊపితిమి.

పరీక్షకు 150 మిల్లీమీటర్ల దిమ్మలను ఉదయమే, మంచి కలుపుతో నింపియుంటిమి. 28 దినములకు ఫలితము బహు బాగుగా వచ్చెను. పై అధికారి మెచ్చుకొన్నారు. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. కాగితము మీద అంతయు సరియే. ఆ స్లాబు క్రింద కూర్చుండబోవునది పిల్లలు.

మరునాడు వెళ్లి చెప్పితిమి. ఆ చెప్పుటలోను "మేస్త్రి నీళ్లు పోయించినాడు" అని మాత్రమే అంటిమి. ఆయనను సాయంత్రమునకే పంపివేయనున్నారని తెలిసి, మరల లోపలికి వెళ్లి, సరేనన్నది మేమేనని ఒప్పుకొంటిమి. మనస్సు తేలికపడెనని చెప్పలేము. భయమే ఎక్కువగా నుండెను. స్లాబులో నుండి గుండ్రని ముక్కలు కోసి పరీక్షింపగా మధ్యాహ్నము పోసిన భాగము బలహీనమని తేలెను. దానిని పగులగొట్టించిరి. మా ప్రొబేషను ఆరు నెలలు పొడిగించిరి. అది న్యాయమే.

మేస్త్రిగారిని క్షమాపణ అడిగితే ఆయన ఏమియు అనలేదు. రెండవసారి పోయునాడు తెల్లవారుజామున నాలుగింటికే మమ్మును లేపినారు. కంకరను ముందు సాయంత్రమే తడిపించి, దానిపై గోనెలు కప్పించియుంచినారు. ఆ తడికి తగినంత నీరు తగ్గించి లెక్క కట్టుట మా పని. ఎండ ఎక్కకమునుపే స్లాబు ముగిసెను. బిందెల మాటే రాలేదు.

ఈ ఉపాయము మొదటిసారే ఎందుకు చెప్పలేదంటిమి.

"మీరు అడగలేదు గదా బాబూ" అన్నారు.