తక్కెళ్ల జగ్గడి ముఠా

గుంటూరు సభలో ‘మాలపల్లి’ గురించి మాట్లాడటమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. ఆ నవల రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ నేల మనిషి. పుట్టింది 1877లో, సత్తెనపల్లి ప్రాంతపు వేములూరుపాడులో. డబ్లిన్‌లో బారిస్టరీ చదివొచ్చి, 1922లో భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి ఈ ఊళ్లోనే శారదానికేతనం పెట్టారు. ఇవన్నీ మీకు తెలిసినవే. ఈ సాయంత్రం ఆ నవలలో ఎక్కువమంది తొందరగా దాటేసే భాగం ఒకటి చూద్దాం. అది ఒక కుర్రాడు ముఠా నాయకుడైన వైనం.

‘మాలపల్లి’ అనగానే అందరికీ గుర్తొచ్చేది రామదాసు. భక్తి, వేదాంతం, ఓర్పు అన్నీ ఉన్న మాల రైతు. తర్వాత గుర్తొచ్చేది ఆయన కొడుకు సంగదాసు. పెద్దకొడుకు వెంకటదాసు దగ్గరికొచ్చేసరికి విమర్శకులు కాస్త ఇబ్బంది పడతారు. అతను తక్కెళ్ల జగ్గడన్న మారుపేరుతో ముఠా కట్టి, ఉన్నవాళ్లని దోచి లేనివాళ్లకి పంచుతాడు. గాంధీగారి ఉద్యమంలో జైలుకెళ్లిన రచయిత, ఆ జైల్లోనే కూర్చుని ఒక దొంగల నాయకుణ్ణి ఇంత ప్రేమగా ఎలా రాశాడు? ఈ ప్రశ్నకి జవాబు వెతకాలంటే ముందు కళ్లంలోకి వెళ్లాలి.

నవలలో ఊరి పేరు మంగళాపురం. భూస్వామి చౌదరయ్య. అప్పటిదాకా పాలేర్లకి, కూలీలకి ఇచ్చేది ధాన్యం. ధాన్యం ధర పెరిగింది, ఇకమీదట కూలి డబ్బు రూపంలోనే ఇస్తానంటాడు చౌదరయ్య. లెక్క చిన్నదే. ధర తక్కువగా ఉన్నప్పుడు గింజలు ఇవ్వడం, ఎక్కువైనప్పుడు రూపాయలు ఇవ్వడం. రెండు విధాలా లాభం ఒకరిదే. పత్తి, మిర్చి పండించే ఈ జిల్లాల్లో కూలి లెక్క చూసుకున్న ఎవరికైనా ఈ కిటుకు వివరించక్కర్లేదు. సంగదాసు కూలీలందరినీ కూడగట్టి పని ఆపిస్తాడు. చౌదరయ్య కొట్టిన దెబ్బకి చనిపోతాడు. చౌదరయ్య కొడుకు రామానాయుడే సంగదాసుకి ప్రాణస్నేహితుడు. సంగదాసు పేరుమీద సంగపీఠం అనే సంస్థని నిలబెట్టే బాధ్యత మోసేదీ రామానాయుడు లాంటివాళ్లే. చంపినవాడికి మాత్రం శిక్ష పడదు.

వెంకటదాసు ఊరు విడిచేది ఆ తర్వాతే. ఉన్నవ అతన్ని పుట్టుకతో మొండివాడిగానో, చెడు సావాసాలు పట్టినవాడిగానో చూపించలేదు. తమ్ముడి చావుకి న్యాయం ఎక్కడ దొరుకుతుందో వెతికి, ఎక్కడా దొరక్క, చివరికి ముఠా కట్టాడు. నవల బలమంతా ఈ వరసలోనే ఉంది. కూలి తగ్గింది, అడిగినవాడు చచ్చిపోయాడు, కేసు నిలవలేదు, ఆ తర్వాత ముఠా పుట్టింది. ఇందులో ఏ మెట్టునైనా తీసేసి చూడండి, జగ్గడు ఉండడు.

రామదాసు కుటుంబం సంగతి ఇంకా దారుణం. నేరం ఎరగని ఆ ముసలాయన్ని, ఇంటివాళ్లని నేరస్థుల సెటిల్‌మెంటుకి పంపిస్తారు. ఇది రచయిత కల్పన అనుకుంటే పొరపాటు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఆ తర్వాత బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వెలిసింది. గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించి, ఎరుకల కుటుంబాల్ని తెచ్చి అక్కడ ఉంచారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలోనూ ఇలాంటి సెటిల్‌మెంటే ఉండేది. ఆ చట్టం కింద రిజిస్టరులోకెక్కిన మనిషి వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు వేయించుకోవాలి, పొలిమేర దాటాలంటే చీటీ చూపించాలి. దొంగతనం చేశాడా లేదా అన్నది తర్వాత సంగతి. పుట్టిన కులమే ఎఫ్‌ఐఆర్. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ సెటిల్‌మెంట్ల మీద చేసిన పరిశోధన 2001లో పుస్తకంగా వచ్చింది. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి చవకగా కూలీలు దొరకడంలో స్టూవర్టుపురానికి ఉన్న పాత్ర అందులో కనిపిస్తుంది. దేశవ్యాప్తంగా ఆ చట్టం రద్దయింది 1952లో. స్టూవర్టుపురం కుర్రాళ్లకి మాత్రం ఊరి పేరు చెబితే పని దొరకని రోజులు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయి. ఊరి పేరు పెట్టుకుని యండమూరి 1991లో తీసిన సినిమా, 2023లో వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’ ఆ ముద్రని చెరిపాయో, ఇంకాస్త చిక్కబరిచాయో మీరే చెప్పాలి.

‘మాలపల్లి’ 1922లో అచ్చయింది. మరుసటి ఏడాదే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో మార్పులతో అనుమతించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకంగా పెట్టేసరికి 1936లో మళ్లీ నిషేధం. కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక 1937లో గాని పూర్తిగా బయటపడలేదు. వేదాంతం చెప్పే రామదాసుని చూసి ఏ ప్రభుత్వమూ భయపడదు. దాని నిద్ర చెడగొట్టింది కూలి సమ్మె, జగ్గడి ముఠా అనుకోవడానికి పెద్దగా ఊహ అక్కర్లేదు.

ఇప్పుడు కాస్త సముద్రం దాటుదాం. 1967లో అమెరికాలో కుర్రాళ్ల ముఠాల మీదే ‘ది ఔట్‌సైడర్స్’ అనే నవల వచ్చింది. రాసిన ఎస్.ఇ. హింటన్ అప్పటికి పద్దెనిమిదేళ్ల అమ్మాయి. మొదలుపెట్టింది పదిహేనో ఏట. మగ కుర్రాళ్ల కొట్లాటల గురించి ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు చులకన చేస్తారని పబ్లిషర్లే పొడి అక్షరాలు పెట్టించారు. ఓక్లహోమాలోని టల్సాలో, తను చదివిన హైస్కూల్లో చూసిన రెండు గుంపుల గొడవలే ఆమెకి ముడిసరుకు. ఒకవైపు పేదపేటల కుర్రాళ్లు, రెండోవైపు కార్లున్న ఇళ్ల పిల్లలు. అక్కడా కొన్ని స్కూళ్లలో ఆ పుస్తకాన్ని తీసేయమని గొడవలు జరిగాయి. దాన్ని సినిమా తీయమని కాలిఫోర్నియాలో ఒక బడి పిల్లలు, లైబ్రేరియన్ కలిసి దర్శకుడు కొప్పోలాకి ఉత్తరం రాశారు. 1983లో సినిమా వచ్చేసింది.

రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెడితే తేడా జడ్జి దగ్గర బయటపడుతుంది. హింటన్ నవలలో ఒక కుర్రాడు చచ్చిపోయినా, కథ చెప్పే పోనీబాయ్‌ని కోర్టు దయగానే చూసి ఇంటికి పంపిస్తుంది. మంగళాపురంలో కోర్టు అంత దయగలది కాదు. ఒక విషయంలో మాత్రం హింటన్‌దే పైచేయి. ఆమె కథ మొత్తం ముఠా కుర్రాడి నోటే చెప్పించింది. వాడు ఏం తిన్నాడు, రాత్రి ఎక్కడ పడుకున్నాడు, అన్న తిడితే ఎంత నొచ్చుకున్నాడు అన్నీ తెలుస్తాయి. ఉన్నవ ఆ పని చేయలేదు. జగ్గడి గొంతు మనకి రచయిత గొంతులోంచే వినిపిస్తుంది.

ఇదంతా వందేళ్ల కిందటి మాట కదా అనుకునేవాళ్లు చీరాల దాకా వెళ్లి రావాలి. 1985 జూలై 17న కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు దళితుల హత్యకి దారితీసింది. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం నడిపిన ఆ ఉద్యమం సంగదాసు దారి. రెండో దారీ తెరుచుకుంది. కేసులో ప్రధాన నిందితుణ్ణి 1989లో నక్సలైట్లు చంపారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 అయింది. ఇరవై మూడేళ్లు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. దానికి ముందు జరిగింది సినిమా హాల్లో కాలు తగిలిందన్న కుర్రాళ్ల తగువు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. వెంకటదాసు నడిచిన వరస ఎక్కడిదో ఈ తేదీలు చూస్తే అర్థమవుతుంది.

ఇలాంటి కుర్రాళ్ల మీద మన దగ్గర నవల ముందుకు రాకపోతే ఆ చోటు సినిమా తీసుకుంది. కృష్ణ అవతల బెజవాడలో ఇంజనీరింగు చదివిన రామ్‌గోపాల్ వర్మ, అక్కడ తను చూసిన కాలేజీ రౌడీయిజంతో 1989లో ‘శివ’ తీశాడు. సైకిల్ చెయిన్ లాగిన హీరో అందరికీ గుర్తే. ఆ చెయిన్ దెబ్బలు తిన్న కుర్రాళ్లు ఏ పేటవాళ్లో, ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి ఎంత అప్పుందో సినిమా చెప్పదు. ‘శివ’ని మళ్లీ చూసేవాళ్లు ఈసారి హీరోని పక్కనబెట్టి, రౌడీ నాయకుడు భవానీ వెనక నిలబడ్డ ఆ మొహాల్ని ఒకసారి చూడండి.