కుర్చీలో కూర్చున్న ఆటగాడు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో రేడియో దగ్గర కూర్చుని వింటున్న తల్లిదండ్రులకు, ముఖ్యంగా పరీక్షలు రాసి ఫలితాల కొరకు ఎదురుచూస్తున్న యౌవనస్థులకు నా వందనములు. ఈ పూట ఒక ఆటను గూర్చి ఆలోచించుకుందాం. దాని పేరు స్నూకర్.

"సేవకునికి ఆటలతో పనేమిటి?" అని కొందరు అనుకోవచ్చు. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసినప్పుడు పరుగు పందెమును గూర్చి చెప్పాడు. ఆ పట్టణం దగ్గర రెండేళ్లకొకసారి పెద్ద పోటీలు జరిగేవి. గెలిచినవానికి ఆకుల కిరీటం పెట్టేవారు. కొద్ది దినాలకే అది వాడిపోయేది. వినేవారికి తెలిసిన ఆటతోనే పౌలు వారితో మాట్లాడాడు.

మనకు తెలిసిన ఆట క్యారమ్. స్నూకర్‌ను దానికి దూరపు చుట్టం అనుకోండి. పన్నెండడుగుల పొడవు బల్ల, దాని మీద పచ్చని గుడ్డ, ఆరు పాకెట్లు. చేతిలోని కర్రతో తెల్ల బంతిని కొట్టి, దానితో మిగతా బంతులను పాకెట్లలో వేయాలి. ఎర్ర బంతులు 15, ఒక్కొక్కదానికి 1 పాయింటు. ఎర్ర బంతి వేశాక రంగు బంతి వేయాలి. నల్ల బంతికైతే 7 పాయింట్లు. క్యారమ్‌లో స్ట్రైకర్ పాకెట్లో పడితే ఫౌల్ కదా, ఇక్కడ తెల్ల బంతి పడితే ఫౌల్. ఈ ఆట పుట్టింది కూడా మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మధ్య.

ఇందులో ఒక సంగతి గమనించండి. ఒక ఆటగాడు బంతులు వేస్తున్నంతసేపు రెండవవాడు కుర్చీలో కూర్చోవలసిందే. అతడు ఎంత గొప్పవాడైనా, అవతలివాడు తప్పేవరకు లేవడానికి లేదు. చేతిలో కర్ర ఉంటుంది, చేయడానికి పని ఉండదు. చూస్తూ కూర్చోవాలి.

2016 జూలైలో ఇండియన్ ఓపెన్ పోటీలు మన హైదరాబాదులో జరిగాయి. ఫైనల్లో స్కాట్లాండుకు చెందిన ఆంథోనీ మెక్‌గిల్ ఇంగ్లాండుకు చెందిన కైరెన్ విల్సన్‌ను 5-2తో ఓడించాడు. మరుసటి ఏడు, 2017 సెప్టెంబరులో, అదే పోటీ విశాఖపట్నంలో జరిగింది. మెక్‌గిల్ మళ్లీ ఫైనల్‌కు వచ్చాడు. ఈసారి జాన్ హిగిన్స్ చేతిలో 1-5తో ఓడిపోయాడు. నిరుటి విజేత ఈ ఏడు ఓడినవాడయ్యాడు. మనిషి అతడే, ఆట అదే. ఫలితం మాత్రం మారింది.

మరి గెలిచిన హిగిన్స్ సంగతి? అప్పటికి నాలుగుసార్లు ప్రపంచ విజేత అయినవాడు. అయినా విశాఖకు రావడానికి కొద్ది నెలల ముందే, ప్రపంచ ఫైనల్లో మార్క్ సెల్బీ మీద 10-4తో ముందుండి కూడా 15-18తో ఓడిపోయాడు. చేతికందిన కిరీటం జారిపోయింది. అయినా అతడు ఆట మానుకోలేదు, విశాఖకు వచ్చి గెలిచాడు.

హైదరాబాదులో ఓడిన విల్సన్ ఏమయ్యాడు? 2020లో ప్రపంచ పోటీ సెమీఫైనల్లో ఆ మెక్‌గిల్‌నే 17-16తో, ఒకే ఒక్క ఫ్రేమ్ తేడాతో ఓడించాడు. ఫైనల్లో రోనీ ఓసుల్లివాన్ చేతిలో 8-18తో చిత్తుగా ఓడాడు. మరో నాలుగేళ్లు గడిచాయి. 2024 మే నెలలో ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో జాక్ జోన్స్‌ను 18-14తో ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. హైదరాబాదు ఫలితమే తన చివరి ఫలితమని అతడు అనుకొని ఉంటే?

మన దేశస్థుడైన ఆదిత్య మెహతాను కూడా తలచుకుందాం. 2013లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ ఓపెన్ ఫైనల్లో చైనాకు చెందిన డింగ్ జున్‌హుయి చేతిలో 0-5తో ఓడాడు. ఒక్క ఫ్రేమ్ కూడా దక్కలేదు. కాని ర్యాంకింగ్ పోటీలో ఫైనల్‌కు చేరిన మొదటి భారతీయుడు ఆయనే. సున్నా వచ్చిన దినమే ఆయన చరిత్రలో నిలిచిన దినం.

శ్రోతలారా, ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి.

మొదటిది, ఫలితం ఆ దినపు ఆటను కొలుస్తుంది, ఆటగాని విలువను కొలవదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత మన తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణాలు తీసుకున్నారు. ఆ మాట తలచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది. ఆ ఫలితాల్లోనే తప్పులు దొర్లాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకు చెందిన ఒక విద్యార్థినికి తెలుగులో 0 అని వచ్చింది. మళ్లీ చూస్తే 99! ఫెయిలైనవారి జవాబు పత్రాలు తిరిగి పరిశీలిస్తే 1,000 మందికి పైగా పాసయ్యారు. కాగితం మీది అంకెను దిద్దవచ్చు. పోయిన బిడ్డను ఎవరు తెచ్చి ఇస్తారు?

రెండవది, కుర్చీలో కూర్చోవడం ఓటమి కాదు, అది కూడా ఆటలో భాగమే. తోటివాడికి ఉద్యోగం వచ్చింది, నీకు రాలేదు. పక్కింటివారి అబ్బాయి గల్ఫ్ నుండి ఇల్లు కట్టుకున్నాడు, నీకు వీసా రాలేదు. ఇప్పుడు బల్ల దగ్గర అతడున్నాడు, అంతే. కర్ర పారవేసి వెళ్లిపోయినవానికి మళ్లీ వంతు రాదు. కూర్చున్నవానికి వస్తుంది. సప్లిమెంటరీ పరీక్ష కూడా ఒక వంతే కదా!

మూడవది, స్నూకర్‌లో ఒక మంచి ఆచారముంది. తన చెయ్యో చొక్కానో బంతికి తగిలితే, రిఫరీ చూడకపోయినా ఆటగాడు తానే చెప్పి, పాయింట్లు అవతలివానికి వదులుకుంటాడు. కాపీ కొట్టి తెచ్చుకున్న మార్కుల కంటె, నిజాయితీగా వచ్చిన తక్కువ మార్కులే మేలు. అవి తెచ్చినవాడు తలెత్తుకొని నడుస్తాడు.

తల్లులారా, తండ్రులారా, ఫలితాలు వచ్చిన దినాన మీ బిడ్డ ముందుగా చూసేది మీ ముఖమే. "ఊళ్లో నా పరువు తీసినవ్" అనకండి. "పక్కింటి పిల్లను చూడు" అనకండి. "అన్నం తిన్నవా బిడ్డా?" అని అడగండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, పక్కనే పడుకోండి. మార్కుల సంగతి రేపు మాట్లాడుకోవచ్చు. యౌవనస్థుడా, యౌవనస్థురాలా, మనసులో చీకటి కమ్మితే దాచుకోకు. అమ్మకో, టీచరుకో, స్నేహితునికో ఆ రాత్రే చెప్పు.

ఆకుల కిరీటం వాడిపోతుంది. గెలిచినవానిదీ వాడిపోతుంది. మీ ఇంట్లో ఉన్న బిడ్డ ఏ కిరీటం కంటెనూ విలువైనది. ఈ సంగతి ఈ రాత్రి భోజనాల దగ్గరే మీ పిల్లలకు చెప్పండి, ఫలితాలు రాకముందే చెప్పండి. దేవుడు మిమ్మును, మీ బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.